ఆరో తరగతి పాపను మూడు రోజుల క్యాంపుకు పంపాలా?

తిరుపతి నుంచి ఒక తల్లి అడిగారు: "మా పాపకు పదకొండేళ్లు, ఆరో తరగతి. జనవరి చివర్లో స్కూలు వాళ్లు తలకోన జలపాతం దగ్గర మూడు రోజుల క్యాంపు పెడుతున్నారు. రెండు రాత్రులు అక్కడే ఉండాలి. పాప ఇంతవరకు వాళ్ల అవ్వ పక్కన తప్ప ఎక్కడా పడుకోలేదు. అవ్వ వద్దే వద్దంటోంది. మా ఆయనేమో ఆ మూడు రోజులు ఇంట్లో చదువుకుంటే పోలా అంటున్నారు. పంపితే నిజంగా ఏం లాభం?"

అమ్మా, నేను చిత్తూరు జిల్లా హైస్కూళ్లలో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇరవై రెండేళ్లు గైడ్ కెప్టెన్‌గా, అంటే స్కౌట్లలాగే ఆడపిల్లలకుండే గైడ్స్ దళాన్ని నడిపే టీచరుగా ఉన్నాను కాబట్టి ఆడపిల్లల్ని క్యాంపులకు తీసుకెళ్లడం నా పనిలో భాగమే. నా మాట అడిగితే, పంపండి. అయితే స్కూలు వాళ్లు పెడుతున్నది నిజంగా క్యాంపేనా అని ముందు కనుక్కోండి. ఈలోగా పాపను ఇంట్లో కొంచెం తయారు చేయండి. ఈ రెండూ చేయకుండా పంపేటట్లయితే, ఒక ఆదివారం మీరే కారులో తలకోనకు తీసుకెళ్లి చూపించుకొస్తే సరిపోతుంది.

క్యాంపేనా అని ఎందుకంటున్నానంటే, చాలా స్కూళ్లు టూరునే క్యాంపు అంటున్నాయి. పొద్దున చంద్రగిరి కోట, మధ్యాహ్నం జూ పార్కు, సాయంత్రం జలపాతం, రాత్రికి డీజే. పిల్లలు బస్సు ఎక్కడం దిగడంతోనే అలిసిపోతారు. భోజనం ఎవరో వండి పెడతారు, ప్లేటు ఎవరో తీస్తారు. అదీ సరదానే, కాదనను. కానీ మీరు అడిగిన లాభం అందులో పెద్దగా దొరకదు. క్యాంపులో పిల్లలు ఒకే చోట ఉంటారు. ఆరుగురో ఎనిమిది మందో ఒక గుంపు. ఆ గుంపుకు పిల్లల్లోనే ఒక లీడరు. నీళ్లు తేవడం, ఊడ్చడం, వడ్డించడం, గిన్నెలు తోమడం గుంపులకు వంతులవారీగా వస్తాయి. టీచర్లు కనిపెట్టుకుని ఉంటారు గానీ ప్రతిదానికీ చెయ్యి పెట్టరు. కార్యక్రమం కాగితం అడిగి చూడండి. చూడాల్సిన చోట్లు ఎక్కువ, పిల్లలు చేసే పనులు తక్కువ ఉంటే అది టూరే.

ఈ గుంపుల పద్ధతి పాతదే. 1907 ఆగస్టులో బేడెన్ పావెల్ అనే బ్రిటిష్ సైన్యాధికారి ఇంగ్లండులో బ్రౌన్‌సీ అనే చిన్న దీవికి సుమారు 20 మంది అబ్బాయిల్ని తీసుకెళ్లారు. పెద్దింటి పిల్లల్ని, కూలి చేసుకునే ఇళ్ల పిల్లల్ని కలిపి చిన్న చిన్న గుంపులు చేసి, గుంపుకొక లీడరును పెట్టి క్యాంపు నడిపారు. స్కౌటింగుకు అదే మొదలు. మన దేశంలో మొదట్లో అది తెల్లవాళ్ల పిల్లలకే ఉండేది. మన మదనపల్లెలో కాలేజీ పెట్టించిన అనీ బిసెంట్ గారు భారతీయ పిల్లల కోసం వేరే సంఘం మొదలుపెట్టారు. స్వాతంత్ర్యం వచ్చాక, 1950 నవంబరు 7న, స్కౌటు సంఘాలు కలిసి ఇప్పటి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయింది. ఈ పాత సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఇంట్లో ఎవరు ఎంత కలిగినవాళ్లైనా క్యాంపులో అందరికీ ఒకే పని, ఒకే కంచం. ఆ పద్ధతిలోని బలం నేను నా పిల్లల్లో చూశాను.

నా క్లాసులో పుంగనూరు వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. ఇంట్లో మేకలు కాసేవాళ్లు. చివరి బెంచీ. రెండేళ్లు పాఠం చెప్పినా ఆ పిల్ల గొంతు నేను సరిగ్గా విన్నది లేదు. ఒక ఏడాది ఊరి పక్క మామిడి తోటలో, తోట వాళ్ల అనుమతితో క్యాంపు పెట్టాం. పొద్దున్నే పొయ్యి వెలిగించాలి. క్లాసు ఫస్టు వచ్చే అమ్మాయి గుంపు అరగంట ఊదినా పొగ తప్ప మంట లేదు. ఈ పిల్ల వచ్చి చూసి, "అక్కా, కింద పడిన పుల్లలు మంచుకు చెమ్మ పట్టి ఉంటాయి. చెట్టు మీదే ఎండి వేలాడేవి విరుచుకుందాం రా" అంది. ఐదు నిమిషాల్లో పొయ్యి రాజుకుంది. ఆ తర్వాత రెండు రోజులు అందరూ ఆ పిల్ల చుట్టూనే. ఎటు వైపు గాలి ఉంది, రాళ్లు ఎట్లా పేర్చాలి, అన్నీ ఆమెనే అడిగారు. వెనక్కి వచ్చాక మార్కులు పెరగలేదు. కానీ క్లాసులో చెయ్యెత్తి ప్రశ్న అడగడం మొదలుపెట్టింది. ఇంకో మాట, అది నాకూ పాఠమే. ఆ పిల్లకు ఏం తెలియదో రెండేళ్లు లెక్క రాసుకున్నాను. ఏం తెలుసో ఒక్కసారి అడగలేదు.

మీ ఇంటాయనకు ఈ విషయం దాచకుండా చెప్పండి: మూడు రోజుల క్యాంపుతో లెక్కల్లో మార్కులు రావు. ఎవరైనా వస్తాయని చెబితే నమ్మకండి. వచ్చేది వేరే. ఇంట్లో పదకొండేళ్ల పిల్లకు రోజులో ఎన్ని సంగతులు మనమే చూసిపెడతామో ఒకసారి లెక్కేయండి. ఏ డ్రస్సు వేసుకోవాలో మనం తీసిపెడతాం, బాటిల్లో నీళ్లు మనం పడతాం, కాలికి ముల్లు గుచ్చుకుంటే మనం చూస్తాం, పక్కింటి పిల్లతో గొడవపడితే మనమే వెళ్లి సర్దుతాం. క్యాంపులో ఇవన్నీ పాప చేతికి వస్తాయి. తడిసిన టవల్ ఆరేయకపోతే మర్నాడు తడి టవలే. దుప్పటి ఎక్కడ పెట్టిందో మరిచిపోతే వెతుక్కోవాల్సింది తనే. చిన్న చిన్న కష్టాలు, ప్రమాదం లేనివి, వరసగా వస్తాయి. ఒక్కొక్కటి తనే దాటుకుంటుంది. "నేను చేసుకోగలను" అన్నది అమ్మ చెబితే వచ్చే నమ్మకం కాదు. చేసి చూసుకుంటేనే వస్తుంది.

రెండో లాభం ఫోను లేకపోవడం. మంచి క్యాంపుల్లో పిల్లల దగ్గర ఫోన్లు ఉండవు. అమెరికాలో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లు 2014లో ఒక పరిశోధన ప్రచురించారు. సరిగ్గా మీ పాప వయసు పిల్లలే, ఆరో తరగతి. 51 మంది ఐదు రోజులు టీవీ, ఫోను, కంప్యూటర్ లేని ప్రకృతి క్యాంపులో గడిపారు. మిగతా పిల్లలు మామూలుగా ఇంట్లో, స్కూల్లో ఉన్నారు. తర్వాత ఫొటోలు, మాటలు వినిపించని వీడియోలు చూపించి, అందులోని మనిషి ఏ భావంలో ఉన్నాడో చెప్పమన్నారు. క్యాంపుకు వెళ్లొచ్చిన వాళ్లు ఆ విషయంలో ఎక్కువ మెరుగుపడ్డారు. చిన్న పరిశోధనే, దాన్నే పట్టుకుని పెద్ద మాటలు చెప్పకూడదు. కానీ నేను ఏళ్ల తరబడి చూసిందీ అదే. రెండో రోజుకు పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసి మాట్లాడతారు. ఎవరు అలిగారు, ఎవరు ఆకలితో ఉన్నారు అన్నది అడగకుండానే తెలుసుకుంటారు.

జడల సంగతి చెబుతాను. ఆరో తరగతి ఆడపిల్లల్లో చాలామందికి జడ అమ్మో అవ్వో వేస్తారు. క్యాంపులో మొదటి రోజు పొద్దున పెద్ద గందరగోళం. ఒకరికి పాయలు తియ్యడం రాదు, ఒకరికి రబ్బరుబ్యాండు దొరకదు. నేను వెయ్యను, టీచర్లెవ్వరినీ వెయ్యనిచ్చేదాన్ని కాదు. పది నిమిషాల్లో వాళ్లే వరసగా ఒకరి వెనక ఒకరు కూర్చుని, రైలుపెట్టెల్లాగా, ముందున్న పిల్లకు జడ వేయడం మొదలుపెడతారు. వంకర జడలే వస్తాయి. రెండో రోజు కొంచెం నయం. ఆ వరసలో కూర్చున్న పిల్లలు పదో తరగతి దాకా స్నేహంగా ఉండడం చాలాసార్లు చూశాను. అందుకే మీ పాపకు ఇప్పటి నుంచే తన జడ తనే వేసుకోవడం, పక్కవాళ్లకు వేయడం నేర్పండి. అవ్వ చేతనే నేర్పించండి.

ఇక మూడోది చుట్టూ ఉన్న అడవి. తలకోన అంటే 270 అడుగుల జలపాతం అనే అందరూ చెబుతారు. జీవశాస్త్రం టీచరుగా నాకు జలపాతం కంటే అక్కడి గిల్లతీగ ముఖ్యం. ఏనుగు తొండమంత లావున చెట్ల మీదుగా పాకిపోయే ఆ తీగను ఒకసారి చేత్తో ముట్టుకున్న పిల్లకు ఎగబాకే మొక్కల పాఠం బట్టీ పట్టాల్సిన పని లేదు. మన శేషాచలం కొండల్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచంలో ఈ చుట్టుపక్కల కొండల్లోనే. రాతి సందుల్లో బంగారు బల్లి ఉంటుంది, చెట్ల మీద దేవాంగపిల్లి ఉంటుంది. తిరుపతిలో పుట్టి పెరిగిన పిల్లలు రోజూ ఆ కొండల్ని చూస్తూనే ఉంటారు, అందులో ఏముందో చాలామందికి తెలియదు. జనవరి రాత్రి ఆకాశం కూడా బాగుంటుంది. టౌన్లో వీధిలైట్ల వెలుతురుకు కనపడని కృత్తికలు అక్కడ నెత్తి మీదే కనబడతాయి. పల్లెల్లో దాన్ని పిల్లలకోడి అంటారు. అవ్వకు తెలిసే ఉంటుంది, పాపకు ముందే చూపించమనండి. అక్కడికి వెళ్లాక తనే మిగతావాళ్లకు చూపిస్తుంది.

ఇప్పుడు అవ్వ భయం గురించి. ఆమె భయపడడంలో తప్పేమీ లేదు, దాన్ని కొట్టిపారేయకండి. ఆ భయంలోంచే స్కూలును అడగాల్సిన ప్రశ్నలు వస్తాయి.

మొదటిది నీళ్లు. జలపాతం కింద రాళ్లు పాచిపట్టి జారతాయి, గుంటల లోతు పైకి తెలియదు. అక్కడ ప్రాణాలు పోయిన సంఘటనలున్నాయి. నా క్యాంపుల్లో నియమం ఒక్కటే, పిల్లలు జలపాతం నీళ్లలోకి దిగరు. దూరం నుంచి చూస్తారు. "కొంచెంసేపు ఆడుకోనిస్తాం" అని స్కూలు వాళ్లంటే గట్టిగా వద్దనండి. నెల కూడా చూసుకోవాలి. మనకు ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. 2021 నవంబరులో తిరుపతి ఎట్లా మునిగిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ నెలల్లో కొండ వాగుల దగ్గర పిల్లల క్యాంపు పెట్టకూడదు. జనవరి చివర అంటున్నారు కాబట్టి మంచి సమయమే. చలి మాత్రం ఉంటుంది, మందపాటి దుప్పటి ఇవ్వండి.

రెండోది ప్రయాణం. తిరుపతి నుంచి 50, 60 కిలోమీటర్లే గానీ భాకరాపేట ఘాటు మలుపులున్నాయి. పోవడం, రావడం రెండూ పగటి పూటే ఉండాలి. సీటుకొక పిల్ల, నిలబడే పిల్లలు ఉండకూడదు.

మూడోది మనుషులు. పది మంది పిల్లలకు కనీసం ఒక టీచరు ఉండాలని నేను పట్టుబట్టేదాన్ని. ఆడపిల్లలు పడుకునే చోట మహిళా టీచర్లే ఉండాలి. రాత్రంతా వంతులవారీగా ఒకరు మేలుకుని ఉండాలి. బయటి నుంచి వచ్చే ట్రైనర్లు, వంటవాళ్లు, డ్రైవర్లు ఎవరూ పిల్లల్ని ఒంటరిగా ఎక్కడికీ పిలుచుకుపోకూడదు. పాపకు కూడా సూటిగా చెప్పండి: ఎవరైనా ముట్టుకునే తీరు నచ్చకపోతే అరవాలి, వెంటనే టీచరుకు చెప్పాలి, ఇంటికొచ్చి మీకు చెప్పాలి, నిన్నెవరూ తిట్టరు అని. ఇది క్యాంపు కోసమే కాదు, ఎప్పటికైనా చెప్పాల్సిందే. పిల్లల కోసం 1098 నంబరు ఉందని కూడా నేర్పండి.

లెక్కపెట్టడం అన్నది చిన్న సంగతిలా ఉంటుంది గానీ నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. బస్సు ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, భోజనానికి ముందు, పొద్దు వాలగానే, పడుకునే ముందు తలలు లెక్కపెట్టాలి. "రోజుకెన్నిసార్లు లెక్కపెడతారు?" అని అడగండి. జవాబు తడుముకోకుండా వస్తే ఆ స్కూలు వాళ్లకు క్యాంపు తెలుసు.

ఆరోగ్యం విషయంలో ఏమీ దాచకండి. ఒకసారి ఒక తల్లిదండ్రులు పాపకు ఆయాసం ఉందని ఫారంలో రాయలేదు, రాస్తే తీసుకెళ్లరేమోనని. రాత్రి రెండు గంటలకు ఆ పిల్లకు ఊపిరాడలేదు. ఆయాసానికి పీల్చే మందు, పఫ్, ఇంట్లోనే ఉండిపోయింది. మా అదృష్టం కొద్దీ జీపు దగ్గర్లోనే ఉంది, అరగంటలో ఆసుపత్రికి చేర్చాం. ఆ అరగంట ఆ పిల్ల నా ఒళ్లోనే ఉంది. ఇప్పటికీ ఫారం చూస్తే నాకు అదే గుర్తొస్తుంది. ఆయాసం, ఫిట్స్, అలర్జీ, నిద్రలో నడవడం, పక్క తడపడం, ఏదున్నా టీచరుకు విడిగా చెప్పండి. పక్క తడిపే పిల్లల్ని ఎవరికీ తెలియకుండా మధ్యరాత్రి లేపి తీసుకెళ్లడం మాకు అలవాటే. మీ పాపది పదకొండేళ్ల వయసు కాబట్టి ఇంకొకటి కూడా. నెలసరి అంటే ఏమిటో ముందే చెప్పి, రెండు ప్యాడ్లు సంచిలో పెట్టండి. క్యాంపులోనే మొదటిసారి రావచ్చు. తెలిసిన పిల్ల మెల్లగా వచ్చి చెవిలో చెబుతుంది. తెలియని పిల్ల దెబ్బ తగిలిందనుకుని భయంతో దాక్కుంటుంది, రెండూ చూశాను.

పాములంటే అందరికీ టెన్షన్. షూ లేకుండా తిరగకూడదు, టార్చి లేకుండా రాత్రి అడుగు వేయకూడదు, రాళ్ల సందుల్లో చెయ్యి పెట్టకూడదు. ఒకవేళ కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, గట్టిగా కట్టడం ఏవీ చేయకూడదు. ఆ కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి ఆసుపత్రికి చేర్చడమే. టీచర్లకు ఇది తెలుసా అని అడగండి. కోతుల మాట చెప్పనక్కర్లేదు, తిండి సంచి మూసి ఉంచుకోమనండి చాలు.

ఇక మొదటి రాత్రి. అన్నం తిని, లైట్లు తగ్గించగానే ఎక్కడో ఒక మూల ముక్కు ఎగబీల్చే చప్పుడు వస్తుంది. తర్వాత ఇంకోచోట. ఇది జబ్బు కాదు, పిల్ల బలహీనత కూడా కాదు. ఇంటి మీద బెంగ చాలామంది పిల్లలకు ఎంతో కొంత ఉంటుంది. మేము "ఏడవకూడదు" అని చెప్పం. లేపి పని ఇస్తాం. నీళ్ల బిందె మీద మూత ఉందో లేదో చూడు, పక్కపిల్లకు దుప్పటి సరిపోయిందా చూడు అని. అటూ ఇటూ తిరిగి వచ్చి పడుకుంటారు. మర్నాడు ఉదయం అదే పిల్ల పళ్లు తోముకుంటూ నవ్వుతుంటే ఆ మొహం మీరు చూడాలి. రెండో రాత్రి సాధారణంగా ఏడుపు ఉండదు.

అందుకే ఒక మాట చేతులు పట్టుకుని అడుగుతున్నాను. "నీకు బాగా లేకపోతే ఫోన్ చేయించు, వెంటనే వచ్చి తీసుకొచ్చేస్తాం" అని పాపకు మాట ఇవ్వకండి. ప్రేమతో అనే మాటే, కానీ పాపకు వినబడేది వేరు: నువ్వు ఉండలేవని అమ్మకు ముందే తెలుసు అని. మొదటి రాత్రంతా ఆ ఫోను మీదే మనసు ఉంటుంది. దానికి బదులు "బెంగగా ఉంటే టీచరుకు చెప్పు, మర్నాటికి తగ్గుతుంది, మూడో రోజు సాయంత్రం స్కూలు దగ్గర నీకోసం నిలబడి ఉంటాం" అనండి. మీరు కూడా గంటగంటకు వాట్సాప్ గ్రూపులో ఫొటోలు అడగకండి. ఫొటోలు తీస్తూ ఉంటే టీచరు పిల్లల్ని కనిపెట్టుకుని ఉండలేరు. రోజుకొకసారి "అందరూ క్షేమం" అన్న మెసేజ్ చాలు.

ఈ నెల రోజుల్లో పాపను ఒకటి రెండు రాత్రులు పిన్ని ఇంట్లోనో మేనత్త ఇంట్లోనో పడుకోబెట్టండి, అవ్వ లేకుండా. తన కంచం తనే కడుక్కోనివ్వండి. సంచి పాపే సర్దుకోవాలి, మీరు పక్కన కూర్చుని చూడండి. అమ్మ సర్దిన సంచిలో ఏది ఎక్కడుందో పిల్లకు తెలియదు, క్యాంపులో మేము సగంసేపు అదే వెతుకుతుంటాం.

ఇంట్లో ఈ మధ్యే ఎవరైనా పోయినా, పాప జ్వరం నుంచి ఇప్పుడే కోలుకుంటున్నా ఈసారికి ఆపేయండి, వచ్చే ఏడాది పంపొచ్చు. డబ్బు కష్టంగా ఉంటే మొహమాటపడకుండా హెడ్మాస్టరును కలవండి. ఫీజు కట్టలేని పిల్లల్ని వదిలి మిగతావాళ్లను తీసుకెళ్లడం నాకు ఎప్పుడూ నచ్చలేదు. అట్లాంటి ఏడాది మేము స్కూలు వరండాలోనే ఒక రాత్రి క్యాంపు పెట్టాం. ఇళ్ల నుంచి రాగిపిండి తెచ్చుకుని సంగటి కెలికారు. ఉండలు కట్టింది, అయినా ఊరిబిండితో గిన్నె ఖాళీ చేశారు. ఊరు దాటకపోయినా, పైన చెప్పిన లాభాల్లో అడవి తప్ప అన్నీ అందులో వచ్చాయి.

వచ్చిన రోజు పాపను ప్రశ్నలతో ముంచెత్తకండి. నిద్రపోనివ్వండి. రెండు మూడు రోజుల పాటు అన్నం తినేటప్పుడు, జడ వేసుకునేటప్పుడు ముక్కలు ముక్కలుగా తనే చెబుతుంది. క్యాంపులో చేసిన పనులు ఇంట్లో చేయబోతే "నువ్వెందుకమ్మా, నేను చేస్తాలే" అనకండి. మట్టి కొట్టుకుపోయిన ఆ బట్టలు కూడా తననే ఉతుక్కోనివ్వండి.

అవ్వను ఒప్పించడానికి వాదన పెట్టుకోకండి, ఆమెకు ఒక పని చెప్పండి. చెనిక్కాయలు, బెల్లం వేసి ఉండలు చేయమనండి. పాపకు ఒక్కదానికే కాదు, ఆ గుంపులో ఉండే ఎనిమిది మందికీ సరిపోయేటట్లు.